మైనింగ్ మీద స్కూలు పిల్లలకి క్లాసు చెప్పమన్నారు, ఏం చెప్పాలో సలహా ఇవ్వండి

రిటైర్డ్ ఓవర్‌మెన్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. సింగరేణి బొగ్గు గనుల్లో సర్దార్ గా (ఒక జట్టు పని చూసుకునే ఆయన) చేరి, దానిపై పోస్టు ఓవర్‌మెన్ గా రిటైరయ్యా, ఇప్పుడు సత్యనారాయణపురంలో ఉంటున్నాం, సొంతూరు సత్తెనపల్లి దగ్గర. తెలిసినాయన ఒకరు ట్రస్టు తరఫున స్కూళ్ళలో, జూనియర్ కాలేజీల్లో ఒక్కో ఉద్యోగం గురించి ఆ పని చేసినోళ్ళ చేతే చెప్పిస్తుంటారు, ఈసారి మైనింగ్ మీద నన్ను చెప్పమన్నారు. ఖర్చు ఎవరో కంపెనీ వాళ్ళ సీఎస్ఆర్ (సమాజ సేవకని కంపెనీలు పెట్టే డబ్బు) అంట, స్లైడ్లు కూడా వాళ్ళే పంపారు. తెరిచి చూస్తే పచ్చటి చెట్లు, మెరిసే హెల్మెట్లు, నవ్వే మొహాలు, ఒక్క మొహానికీ మసి లేదు. పైన హెడ్డింగు "గనుల పట్ల యువతలో అపోహలు తొలగించుట". ఏ బాయిలో (గనిలో) తీశారో గాని నా సర్వీసులో అట్టాంటిది చూళ్ళేదు.

మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని ఊరికే అడిగా, మైనింగ్ అంటే ఏంట్రా అని. ఒకడు బిట్‌కాయిన్ అన్నాడు, ఇంకోడు మైన్‌క్రాఫ్ట్ అన్నాడు, కాస్త పెద్దపిల్ల మాత్రం "కొండలు తవ్వేసి అమ్ముకోవడం తాతయ్యా, ఓబుళాపురం" అంది. ఇప్పుడా పిల్ల చెప్పింది అపోహ అని నేనెట్టా అనను? గంట టైమిచ్చారు. ఏం చెబితే బాగుంటదో చెప్పండి.


పల్నాడు కుర్రోడు (పిడుగురాళ్ళ)

పెద్దాయనా ఏమనుకోకండి, ఏం చెప్పక్కర్లేదు, ఆ డబ్బుల్తో ఆ స్కూల్లో బాత్రూములు కట్టించమనండి. మా ఊళ్ళో మైనింగ్ మీద అవగాహన పుట్టుకతోనే వస్తది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే గూట్లో గిన్నెలు గలగలమంటయ్, గోడకి పగులు వస్తే సిమెంటు రాసుకోవడం మళ్ళీ పగిలితే మళ్ళీ రాసుకోవడం, సున్నం బట్టీల దుమ్ము చెట్ల మీద తెల్లగా పేరుకుని ఏ చెట్టో గుర్తుపట్టలేం. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చచ్చిపోయారు, అంతకుముందు 2021లో కడప జిల్లా మామిళ్ళపల్లె ముగ్గురాళ్ళ (బెరైటీస్) క్వారీ దగ్గర పేలుడు. ఇవన్నీ పేపర్లో చదివిన పిల్లాడికి మీరు వెళ్ళి పచ్చటి చెట్లు చూపిస్తే ఏమనుకుంటాడు? ఇంకోటి అడుగుతా, మీ ఇంట్లో పిల్లల్ని పంపారా ఈ ఫీల్డుకి?


రిటైర్డ్ ఓవర్‌మెన్

అడగాల్సిందే అడిగావు బాబూ, కోపమేం లేదు. మావాడు సివిల్ చదివాడు, బాయి వద్దని వాళ్ళమ్మ పట్టు. మా తమ్ముడి కూతురు మైనింగ్ డిప్లొమాకి పోతానంటే ఇంట్లో రెండు వర్గాలయ్యాయి, నేను పంపమనే వర్గం. నువ్వు చెప్పిన బల్లికురవ సంగతి స్లైడ్లలో లేదు. చస్నాలా కూడా లేదు, 1975 డిసెంబర్లో ధన్‌బాద్ దగ్గర గనిలోకి నీళ్ళు తన్నుకొచ్చి 375 మంది పోయారు, మాకు ట్రైనింగులో మొదట చెప్పే పాఠం అది. మా సీనియర్లు ఆ సంగతి చెప్పాకే ల్యాంపు చేతికిచ్చేవాళ్ళు. పిల్లలకి దాచి మాకు చెప్పడం ఏంటో.


సైన్స్ టీచర్ (గుంటూరు)

సార్ నమస్తే. మా దగ్గరికి కూడా ఇలాంటి టీములు వస్తుంటాయి, బ్యాంకింగ్ అని ఒకళ్ళు, పైలట్ అని ఒకళ్ళు, వచ్చినవాళ్ళందరిదీ ఒకటే స్టైల్, చివర్లో చాక్లెట్లు పంచి గ్రూప్ ఫోటో. పిల్లలకి ఆ మర్నాడు అడిగితే చాక్లెట్ ఒక్కటే గుర్తుంటుంది.

నేనైతే స్లైడ్లు పక్కనపెట్టి రాళ్ళు తీసుకెళ్ళమంటా. మన చుట్టూతా ఉన్నవే. మార్కాపురం పలక ముక్క, కడప బండ ముక్క (ఇంట్లో వంటగది గట్టు అదే కదా ఎక్కువమందికి), పిడుగురాళ్ళ సున్నపురాయి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, మంగంపేట ముగ్గురాయి. ఈ ముగ్గురాయిని పిల్లాడి ఒక చేతిలో పెట్టి అంతే సైజు సున్నపురాయి రెండో చేతిలో పెట్టండి సార్, వాడి మొహం చూడాలి. ముగ్గురాయి సాంద్రత 4.5 దాకా ఉంటుంది, సున్నపురాయి 2.7, చూడ్డానికి ఒకేలా ఉంటాయి గాని ఒక చెయ్యి కిందకి జారిపోతుంది. ఇంత బరువున్న రాయి దేనికి పనికొస్తదిరా అని అప్పుడు అడగండి. చమురు బావి తవ్వేటప్పుడు కింద నుంచి గ్యాసు ఒత్తిడి పైకి తన్నకుండా దీని పొడి కలిపిన బురద లోపలికి పంపుతారు అని చెబితే ఒక్కడూ మర్చిపోడు. మంగంపేట నిల్వలు ప్రపంచంలోనే పెద్దవాటిల్లో ఒకటి అన్నది కూడా అప్పుడే చెప్పండి, ముందు చెబితే జీకే బిట్టు అయిపోతుంది.

సున్నపురాయి పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొస్తాయి, అది పిల్లలతో చేయించొచ్చు. కాల్చిన రాతి సున్నం మీద నీళ్ళు పోసే పని మాత్రం దయచేసి పిల్లల చేత పెట్టొద్దు, ఒక్కసారిగా మరిగి కళ్ళల్లో పడితే చూపు పోతుంది.

ఒక విషయం, బస్సులో క్వారీకి తీసుకెళ్తాం అని ట్రస్టు వాళ్ళు అంటారేమో. ఒప్పుకోకండి. 2025 నవంబర్ దాకా ఉన్న 1952 మైన్స్ యాక్ట్ 45వ సెక్షన్ లో పద్దెనిమిది నిండని వాళ్ళు పని నడుస్తున్న గని ఆవరణలో, పైభాగంలో కూడా ఉండకూడదని స్పష్టంగా ఉండేది.


రిటైర్డ్ ఓవర్‌మెన్

మేడం సరిగ్గా అదే అన్నారు వాళ్ళు, కొండపల్లి వైపు క్రషర్ దగ్గరికి తీసుకెళ్దామని! నేను సెక్షన్ గుర్తుచేస్తే "ఫోటోలకి బాగుంటుంది కదండీ" అన్నాడాయన. ముగ్గురాయి ఆలోచన బాగుంది, ఓబులవారిపల్లె వైపు మా పాత కొలీగ్ ఉన్నాడు, అడుగుతా.


బెంజ్ సర్కిల్ బాబాయ్

నాకు తెలిసింది చెప్తా. పిల్లల చేతిలో ఉన్న ఫోన్ చూపించండి. అందులో రాగి ఉంది, లిథియం ఉంది, కోబాల్ట్ ఉంది, బంగారం కూడా ఉంది, స్పీకర్ లో నియోడిమియం అయస్కాంతం. తవ్వకం వద్దంటే ఫోన్ పక్కన పెట్టు, ఫ్యాను ఆపు, ఇబ్రహీంపట్నం థర్మల్ కి బొగ్గు తాల్చేరు నుంచీ సింగరేణి నుంచీ రాకపోతే మే నెల బెజవాడలో బతుకుతావా అని ఒక్క ప్రశ్న వేయండి చాలు, నోరు మూసుకుంటారు.


పల్నాడు కుర్రోడు

బాబాయ్ నోరు మూయించడానికే అయితే క్లాసు ఎందుకు, బెత్తం పట్టుకెళ్ళమను. ఫోన్ నేనూ వాడతా, దానికీ మా గోడ పగుళ్ళకీ సంబంధం ఏంది? ఫోన్ వాడితే అడిగే హక్కు పోతదా? మందు వేసుకునేవాడు ఆస్పత్రి బిల్లు అడక్కూడదా మరి. ఈ లాజిక్ తో పిల్లల్ని గెలవలేవు, లోపల తిట్టుకుంటారంతే.


బెంజ్ సర్కిల్ బాబాయ్

సరే నీ బాధ అర్థమైందిలే, కానీ అవసరం అన్నది చెప్పాలిగా. పెట్రోల్ కారుతో పోలిస్తే ఎలక్ట్రిక్ కారుకి ఆరు రెట్లు ఖనిజాలు కావాలని ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ లెక్క. క్రిటికల్ మినరల్స్ (లిథియం, కోబాల్ట్ లాంటి కీలక ఖనిజాలు) కోసం కేంద్రం 2025 జనవరిలో 16,300 కోట్లతో మిషన్ పెట్టింది. గ్రీన్ గ్రీన్ అనే పిల్లలకి ఇది తెలియాలి.


జియాలజీ వాసు (మంగళగిరి)

బాబాయ్ చెప్పిన పాయింట్ కి ఇంకో సగం కలపాలి. అదే మిషన్ కింద 2025 సెప్టెంబర్లో పాత బ్యాటరీలు, ఈ-వేస్ట్ నుంచి ఖనిజాలు తీసే రీసైక్లింగ్ కి 1,500 కోట్ల స్కీమ్ ఓకే చేశారు. అదీ చెబితే పిల్లలకి తవ్వడం ఒక్కటే దారి అన్నట్టు ఉండదు, వాళ్ళలో ఒకడు ఆ వైపు పోవచ్చు కూడా.

బయట దేశాల్లో ఇది పెద్ద పనిగా చేస్తారండీ. కెనడాలో మైనింగ్ మ్యాటర్స్ అని 1994 నుంచి నడుస్తున్న సంస్థ ఉంది, టీచర్లకి ట్రైనింగ్, రాళ్ళ పెట్టెలు ఇస్తారు. మన జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) కి కూడా భూవిసంవాద్ అనే ప్రోగ్రాం ఉంది, జియాలజిస్టులు విద్యార్థులతో మాట్లాడతారు, హైదరాబాద్ బండ్లగూడలో జీఎస్ఐ ఆఫీసుకి స్కూలు లెటర్‌హెడ్ మీద రాసి చూడొచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చేది బిస్కెట్ ఆట. అమెరికా స్కూళ్ళలో బాగా పాపులర్. చాక్లెట్ చిప్స్ ఉన్న బిస్కెట్ ఒక్కోళ్ళు దొంగనోట్లు పెట్టి కొనుక్కోవాలి, గ్రాఫ్ పేపర్ మీద పెట్టి చుట్టూ గీత గీయాలి, టూత్‌పిక్ కూడా కొనుక్కోవాలి, చెయ్యి తగలకూడదు. చిప్స్ బయటికి తీస్తే రేటు, టైమ్ కి ఖర్చు. అయిపోయాక పొడి మొత్తాన్ని మళ్ళీ టూత్‌పిక్ తోనే గీత లోపలికి సర్దాలి, బయట మిగిలిన ఒక్కో గడికి జరిమానా. సంపాదించిందంతా చివర్లో జరిమానాకే పోతుంది చాలామందికి. గని మూసేయడానికి ఖర్చు ఎందుకవుతుందో, కంపెనీలు ఎందుకు ఎగ్గొట్టాలని చూస్తాయో ఒక్క మాట చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.


సైన్స్ టీచర్

ఇది బాగుంది! కానీ ఆ బిస్కెట్లు అరవై మందికి ఖరీదు, పల్లీ చిక్కీతో చేయొచ్చా?


జియాలజీ వాసు

చిక్కీ అయితే టూత్‌పిక్ విరుగుద్ది మేడం, అయినా పర్లేదు, గట్టి రాయి అంటే డ్రిల్లింగ్ బిట్టు ఖర్చు అని చెప్పేయండి, విరిగినప్పుడల్లా కొత్తది కొనమనండి హహ.

ఇంకోటి మర్చిపోయా, గుంటూరు పిల్లలకి కొల్లూరు చెప్పకుండా మైనింగ్ చెప్పడం అన్యాయం. కోహినూర్ అక్కడిదే అని చాలామంది చెప్పే గని, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. పదిహేడో శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి వచ్చి చూసి అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు, మగాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోస్తున్నారని. వజ్రం సంగతి ప్రతి పాఠంలో ఉంటుంది, మట్టి మోసిన పిల్లల సంగతి ఉండదు. టీచర్ గారు చెప్పిన 45వ సెక్షన్ ఇక్కడ పెడితే బ్రహ్మాండంగా అతుకుతుంది.


ఫైనలియర్ మైనింగ్

నేను కొత్తగూడెంలో బీటెక్ మైనింగ్ చదువుతున్నా, ఇల్లు తాడేపల్లి. సీటు వచ్చినప్పుడు మా ఇంట్లో వాతావరణం చెప్తా. మా పెదనాన్న "సీఎస్ఈ రాలేదా పోనీలే" అన్నాడు, ఆ పోనీలే నాలుగేళ్ళు వినిపించింది. ర్యాంకు బాగా ఉన్నోడు ఎవడూ మా బ్రాంచ్ పెట్టడు, ఎంచుకుని వచ్చినోళ్ళు మా క్లాసులో తక్కువే, ఎక్కువమంది సింగరేణి వాళ్ళ పిల్లలు, మిగతావాళ్ళు నాలాగా చివరి రౌండులో వచ్చినవాళ్ళు. ఎవరూ సరిగ్గా చెప్పకపోవడమే కారణం అని నేను అనను, చెప్పినా పెట్టరు, ఎందుకంటే ఊరికి దూరం, దుమ్ము, షిఫ్టులు, హైదరాబాదులో ఫ్రెండ్స్ వీకెండ్ ఫోటోలు పెడుతుంటే నువ్వు మణుగూరులో ఉంటావ్. అది నిజం.

కానీ ఇవి కూడా చెప్పండి సార్. గేట్ (బీటెక్ తర్వాత రాసే పరీక్ష) లో మైనింగ్ కి వేరే పేపర్ ఉంది, రాసేవాళ్ళు తక్కువ. డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్లు ఉన్నాయి, అవి లేకుండా ఎంత డిగ్రీ ఉన్నా గనికి మేనేజర్ కాలేవు, అవి ఉంటే గని ఎక్కడుంటే అక్కడ నీ సంతకానికి విలువ. ప్రమాదం జరిగితే మొదట అడిగేదీ ఆ మేనేజర్నే, అది కూడా దాచొద్దు. ఇప్పుడు అంతా పార పలుగు కాదు, సింగరేణి అడ్రియాల గనిలో బొగ్గు కోసే లాంగ్‌వాల్ మెషిన్ చూసినవాడు రోబోటిక్స్ అనే మాట తేలిగ్గా వాడడు. సర్వే డ్రోన్లతో చేస్తున్నారు, వెంటిలేషన్ మొత్తం కంప్యూటర్ మోడల్.


పటమట అమ్మ

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, జియోగ్రఫీ పిచ్చి. ఆడపిల్లలకి ఇందులో ఏమైనా ఉందా, లేక వెళ్ళి ఆఫీసులో కూర్చోవడమేనా? గనిలోకి ఆడవాళ్ళని రానివ్వరని విన్నా.


ఫైనలియర్ మైనింగ్

అక్కా 2019 దాకా అంతే, మైన్స్ యాక్ట్ లో భూగర్భంలో ఆడవాళ్ళకి పనే లేదు. 2019లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి టెక్నికల్, సూపర్వైజరీ, మేనేజర్ పోస్టులకి తెరిచింది, అప్పటి రూల్ ప్రకారం రాతపూర్వకంగా ఒప్పుకుంటే, లోపల పొద్దున 6 నుంచి రాత్రి 7 లోపు. 2021లో ఆకాంక్ష కుమారి అని జార్ఖండ్ అమ్మాయి కోల్ ఇండియాలో మొదటి మహిళా అండర్‌గ్రౌండ్ మైనింగ్ ఇంజనీర్ అయ్యింది, మన తెలుగమ్మాయి రసకట్ల సంధ్య హిందుస్థాన్ జింక్ లో అండర్‌గ్రౌండ్ మేనేజర్ అయ్యింది. మా క్లాసులో అమ్మాయిలున్నారు. లోపల టాయిలెట్ సంగతి అడిగితే మాత్రం ఇంకా అన్నిచోట్లా సమాధానం లేదు, అది మీ అమ్మాయి ఇంటర్వ్యూలోనే అడగాలి.


పటమట అమ్మ

థ్యాంక్యూ బాబూ. టాయిలెట్ సంగతి చెప్పావు చూడు, అందుకే మిగతాది కూడా నమ్మబుద్ధవుతుంది.


రిటైర్డ్ ఓవర్‌మెన్

పల్నాడు బాబూ, మేడం వాళ్ళ గుంటూరు స్కూల్లో క్లాసుకి నువ్వు రాగలవా? నేను బాయి లోపల సంగతి చెప్తా, నువ్వు క్వారీ పక్క ఊరి సంగతి చెప్పు. సగం టైము నీది.


పల్నాడు కుర్రోడు

ఆ కంపెనీ వాళ్ళు ఊరుకుంటారా? వస్తా. నేను చెప్పేది ఒకటుంది, డీఎంఎఫ్. 2015లో చట్టం మార్చారు, సున్నపురాయి, ఇనుము లాంటి మేజర్ మినరల్ తవ్వే లీజుదారు రాయల్టీ మీద పాత లీజు అయితే 30 శాతం, వేలంలో వచ్చింది అయితే 10 శాతం జిల్లా మినరల్ ఫౌండేషన్ కి కట్టాలి, అది గని ప్రభావం పడే ఊళ్ళకి నీళ్ళు, వైద్యం, చదువు కోసం. మా ఊళ్ళో పది మందిని అడిగితే ఒక్కడికి తెలియదు. పిల్లలకి ఉద్యోగం సంగతి తర్వాత, ఈ డబ్బు ఎంతొచ్చింది యాడ ఖర్చయింది అని కలెక్టరేట్ కి ఉత్తరం రాయడం నేర్పిస్తా.


సైన్స్ టీచర్

ఉత్తరం మా తెలుగు మాస్టారు చేత దిద్దిస్తా. రండి.


రిటైర్డ్ ఓవర్‌మెన్

క్లాసు అయ్యిందండీ, ఎట్టా జరిగిందో రాస్తున్నా.

క్యాప్ ల్యాంపు, సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా (లోపల విషవాయువు వస్తే ఊపిరికి పెట్టుకునేది) పట్టుకెళ్ళా. డబ్బా ఎందుకో చెప్పి, లోపల లైట్లు ఆపితే ఎట్టుంటదో తెలియాలని కిటికీలన్నీ మూయించా, పూర్తి చీకటి రాలేదు గాని పిల్లలు మాత్రం గోల గోల. ఇనప కడ్డీ ఒకటి తీసుకుని గోడ మీద కొట్టి చూపించా, పైకప్పు ఇట్టాగే కొట్టి వింటాం, ఖంగుమంటే సరే, డొల్ల శబ్దం వస్తే మనుషుల్ని బయటికి తోలి ముందు సపోర్టు పెట్టాలి అని. తర్వాత ఒక్కొక్కడూ వచ్చి క్లాసు గోడలన్నీ కొట్టుకుంటూ పోయారు, బ్లాక్‌బోర్డు పక్కన నిజంగానే డొల్లగా ఉంది, టీచర్ గారు హెడ్‌మాస్టర్ కి చెప్పారు.

మొదటి ప్రశ్న ఏంటనుకున్నారు? "లోపల సిగ్నల్ వస్తుందా సార్." మామూలు ఫోన్ అసలు తీసుకెళ్ళనివ్వరు, మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వ చాలు, బీడీ అగ్గిపెట్టె ఫోన్ అన్నీ గేటు దగ్గరే తనిఖీ అంటే సగం క్లాసు నీరుగారిపోయింది. ఎనిమిది గంటలు ఫోన్ లేకుండానా అని ఒకడు నిజంగా జాలిపడ్డాడు నా మీద. చస్నాలా చెప్పినప్పుడు మాత్రం చప్పుడు లేదు. ఆ తర్వాతే ప్రశ్నలు బాగా వచ్చాయి, నీళ్ళు వస్తున్నాయని ముందే తెలిసే మిషన్ లేదా, ఇప్పుడు ఉందా, అది చేసే చదువు ఏది అని. స్లైడ్లు వేసుంటే ఈ ప్రశ్న వచ్చేది కాదని నా నమ్మకం.

చిక్కీ ఆటలో ఒక పిల్ల లాభం చూపించింది, ఎట్టా అంటే పప్పులు రెండే తీసి ఆపేసింది. చాలమ్మా అంటే చాలు సార్ గీత దాటితే జరిమానా కదా అంది.


పల్నాడు కుర్రోడు

నా వంతు అప్పుడు కంపెనీ ఆయన ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు, ఆటప్పుడు లోపలికొచ్చి ఫోటోలు తీసుకున్నాడు. ఉత్తరాలు పదమూడు రాశారు పిల్లలు. ఒకడు నాతో "అన్నా నేను మైనింగ్ చదివి మీ ఊరి క్వారీకి మేనేజరై వస్తా, పగుళ్ళు రాకుండా పేలుస్తా" అన్నాడు. నేనేం అనలేదు, వాడి పేరు మాత్రం రాసుకున్నా. బ్లాస్టింగ్ కంపనం కొలిచే మిషన్ ఉంటుందని ఓవర్‌మెన్ గారు చెప్పేదాకా నాకూ తెలియదు, మా ఊళ్ళో ఎప్పుడైనా పెట్టారేమో కనుక్కోవాలి.


జియాలజీ వాసు

సీస్మోగ్రాఫ్ లాంటిదే బ్రో. మీ ఇంటి గోడ దగ్గర పెట్టి రీడింగ్ తీయమని డీజీఎంఎస్ కి రాయొచ్చు, ఫార్మాట్ కావాలంటే నేను రాసిస్తా.


రిటైర్డ్ ఓవర్‌మెన్

ట్రస్టాయన నిన్న ఫోన్ చేశారు. విజయవాడ కాలేజీలో ఇంకో క్లాసు ఉంది గాని కంపెనీ వాళ్ళు స్లైడ్లే వేయాలంటున్నారంట, "ఊరి కుర్రాణ్ణి" తీసుకురావద్దంట. నేను అయితే నేనూ రాను అన్నా. ఆయనకీ ఇబ్బందే పాపం, డబ్బులు వాళ్ళవి.


బెంజ్ సర్కిల్ బాబాయ్

స్లైడ్లు వేయండి, వేసి ఒక్కోటి పక్కన నిజం చెప్పండి. ఏం చేస్తారు?


రిటైర్డ్ ఓవర్‌మెన్

అట్టా ఒకళ్ళ డబ్బులు తీసుకుని వాళ్ళనే ఎగతాళి చేయడం నాకు చేతకాదు బాబాయ్. వద్దంటే వద్దు.


సైన్స్ టీచర్

సార్ కాలేజీ పోతే పోనీండి. మా పక్క స్కూలు, మా చెల్లెలు పనిచేసే తెనాలి స్కూలు ఇద్దరూ అడుగుతున్నారు, డబ్బులేం అక్కర్లేదు, చిక్కీలు మేమే కొంటాం. మీ ముగ్గురాయి ఒక్కటే సరిపోవట్లేదు, పిల్లలు కొట్టుకుంటున్నారు, ఇంకో రెండు ముక్కలు తెప్పించగలరా?


రిటైర్డ్ ఓవర్‌మెన్

చెప్పా మా కొలీగ్ కి, ఆర్టీసీ కార్గోలో వేస్తానన్నాడు. పల్నాడు బాబూ, తెనాలి శనివారం, పొద్దున తొమ్మిదికి. మార్కాపురం పలక ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మొన్నటిది ఎవరో పిల్లాడు ఇంటికి పట్టుకుపోయాడు.